ఇరవై ఏడో పేజీ మాస్టారు

మలుపుల మాస్టారికి ఉన్న పట్టింపు ఒక్కటే. కథ ఎవరిదైనా, ఎంత గొప్పదైనా, సరిగ్గా ఇరవై ఏడో పేజీలో మలుపు తిరగాలి. ఇరవై ఆరులో తిరిగితే అది తొందరపాటు, ఇరవై ఎనిమిదిలో తిరిగితే బద్ధకం. మనిషి మంచివాడే, కోపం రాదు, చీమకు కూడా హాని తలపెట్టడు. కాని ఇరవై ఏడో పేజీకొచ్చినా కథానాయకుడు ఇంకా ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ కనిపించాడంటే ఆయనకు ఆ పూట తిన్నది అరగదు. సినిమాలు తీసే ఒక సంస్థలో ఆయన కథా విభాగానికి పెద్ద కాబట్టి, ఆ కథ రాసినవాడికీ అరగదు.

నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. గోడకు పటం తగిలించి, చేత్తో స్కేలు పట్టుకుని మాట్లాడేవాణ్ణి లోకం మాస్టారనే పిలుస్తుంది. ఇరవై ఏళ్ళ క్రితం కథానిర్మాణం మీద ఎక్కడో మూడు రోజుల శిబిరం జరిగితే సంస్థ ఆయన్ని పంపింది. అక్కడ ఉపన్యసించిన నిపుణుడు తన జన్మలో ఒక్క సినిమా కూడా రాయలేదట. అందుకే అంత ధైర్యంగా చెప్పగలిగాడని గిట్టనివాళ్ళు అంటారు. మూడో రోజు భోజనాలయ్యాక హాలంతా కునికిపాట్లు పడుతుంటే మాస్టారొక్కడే మేలుకుని ఉన్నాడనీ, ఆ ఇరవై ఏడు సరిగ్గా అప్పుడే బయటపడిందనీ, ఆయన కూడా ఒక కునుకు తీసి ఉంటే ఎన్నో సంసారాలు బాగుపడేవనీ కూడా అంటారు.

శిబిరం నుంచి ఆయన ఎనిమిది మడతల పటంతో తిరిగొచ్చి, దాన్ని తన కుర్చీ వెనక గోడకు అంటించాడు. పటం నిండా ఒకటే గీత. నేల మీద నిదానంగా బయలుదేరి, ఒకచోట ఉలిక్కిపడి లేచి, మధ్యలో ఒక గుట్టెక్కి, అక్కణ్ణుంచి గోతిలో పడి, ఎలాగో లేచి శిఖరమెక్కి, దిగొచ్చి చతికిలబడుతుంది. ఉలిక్కిపడినచోట ఎర్రసిరాతో ఇరవై ఏడు అని రాసి ఉంటుంది. ఏసీ బాగుచేసేవాడొకడు దాన్ని వైరింగు బొమ్మ అనుకుని అంతస్తు మొత్తానికి కరెంటు ఆపేశాడు. ఏదో పని మీద వచ్చిన గుండె డాక్టరు పటాన్ని ఎగాదిగా చూసి, మిగతా మాటలు తర్వాత, ముందు ఈ రోగిని ఆస్పత్రిలో చేర్చండి అన్నాడు.

ఆయన స్క్రిప్టు చదివే తీరు కూడా ఒక ముచ్చటే. మొదటి పేజీ జోలికి పోడు. కట్టను అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తాడు. బొటనవేలు తడి చేసుకుని తిన్నగా ఇరవై ఏడో పేజీ తెరుస్తాడు. తెరిచి, ఎదుట కూర్చున్న ప్రాణిని రెండే ప్రశ్నలు అడుగుతాడు. నాయకుడికి ఏం కావాలి? దానికి ఎవరు అడ్డం? ఈ రెండింటికీ నీళ్ళు నమలకుండా జవాబు చెప్పిన రచయిత అప్పటికింకా పుట్టలేదు.

ఇంట్లోనూ ఇదే శాస్త్రం. వంటింటి కొళాయి కారుతోందని భార్య చెప్పబోతే, ముందు పరిస్థితి స్థాపించి తర్వాత సమస్యలోకి రమ్మంటాడు. ఆవిడ పదిహేనేళ్ళు ఓపిక పట్టింది. ఆ తర్వాత ఆవిడే ఒక పద్ధతి కనిపెట్టింది. మొదలూ నడుమా చెప్పడం మానేసి, నీళ్ళు హాల్లోకొచ్చి సోఫా కాళ్ళు తడిశాకే ఆయన్ని పిలుస్తుంది. మరి ముందే ఎందుకు చెప్పలేదని ఆయన అడిగితే, ఇరవై ఏడో నిమిషం కోసం ఆగానండీ అంటుంది.

మంగలి దగ్గర జరిగింది ఇంకా చిత్రం. క్షవరం చేస్తూ చేస్తూ మంగలి తన తమ్ముడితో వచ్చిన ఇంటి గొడవ మొదలుపెట్టాడు. పావుగంట విన్నాక మాస్టారు అద్దంలోంచి అతని కళ్ళలోకి చూసి, ఈ కథలో నువ్వు చేసిందేమీ లేదు, అన్నీ నీకు జరుగుతున్నాయి, ఇలాంటి నాయకుణ్ణి ఎవరూ క్షమించరు అన్నాడు. మంగలికి రోషం పొడుచుకొచ్చింది. కత్తెర అక్కడే పడేసి, ఏదో ఒకటి చేయడానికి తిన్నగా తమ్ముడింటికి వెళ్ళిపోయాడు. అన్నదమ్ములు సాయంత్రానికల్లా కలిసిపోయారు. మాస్టారు మాత్రం రెండు రోజులు సగం తలతో ఆఫీసుకు వచ్చాడు. మధ్యలో గోతిలో పడ్డ దశ అని అడిగినవాళ్ళకల్లా చెప్పుకున్నాడు.

యథా రాజా తథా ప్రజా అన్నట్టు ఆఫీసు మొత్తానికీ ఈ గాలి సోకింది. కథా విభాగంలో సెలవు చీటీ రాయాలన్నా పరిస్థితి, సమస్య, పరిష్కారం ఉండాల్సిందే. నాకు జ్వరం వచ్చింది, ఇల్లు చేరాలని నా కోరిక, మధ్యలో ఈ ఆఫీసు అడ్డం అని అటెండరమ్మ రాస్తే, అడ్డు చాలా బలంగా ఉందని మెచ్చుకుని మాస్టారు రెండు రోజులు అదనంగా ఇచ్చాడు.

ఇక సంస్థ యజమాని ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. ఆయనకు రెండే నమ్మకాలు. ఒకటి, వానలో ఫైటు లేనిది సినిమాయే కాదు. రెండు, శాస్త్రం అనేది ఒకటుంది, అది తనకు అర్థం కాదు, కాబట్టి గొప్పది. పైకి వెళ్ళిన స్క్రిప్టుల్ని ఆయన చదవడు. ఆయన కారు డ్రైవరు చదువుతాడు. అదీ ఎర్రలైటు పడి బండి ఆగినప్పుడు మాత్రమే. ఇంటి నుంచి ఆఫీసుకు పదకొండు సిగ్నళ్ళు. అన్నీ ఎర్రగా ఉన్న రోజున కథ పెద్దాయనకు నిండుగా అందుతుంది. పచ్చగా ఉన్న రోజున నాయకుడు పుట్టీ పుట్టకముందే ఆఫీసు వచ్చేస్తుంది. ఏ కథ భవిష్యత్తయినా ట్రాఫిక్ పోలీసు చేతిలో ఉందన్న సంగతి ఆ ఊరి రచయితలందరికీ తెలుసు. తెలియనిదల్లా తమ కథ అసలు పైకి వెళ్ళిందా లేదా అన్నదే. వెళ్ళలేదనీ, మాస్టారే మూడో అంతస్తులో దాన్ని తొక్కిపెట్టాడనీ ప్రతి రచయితా గట్టిగా నమ్ముతాడు.

అలాంటి మూడో అంతస్తుకు ఒక లెక్కల టీచరు వచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా బడిలో లెక్కలు చెబుతున్న మనిషి. కూడికలో ఒక్క అంకె తేడా వస్తే నిద్రపోలేని స్వభావం. కొన్నేళ్ళుగా రోజూ తను ఎక్కే బస్సులోని కండక్టరమ్మను చూసి చూసి, ఆమె మీద ఒక సినిమా కథ అల్లుకుంది. రూటు రద్దు చేస్తున్నామని డిపో కబురు పెడితే, దాన్ని నిలబెట్టుకోవడానికి ఆ కండక్టరమ్మ పడే పాట్లే కథ. బడికి ఏడాది సెలవు పెట్టి రాసింది. సెలవు పూర్తయ్యేలోగా ఎవరైనా దీన్ని తీస్తామంటే సరేసరి, లేకపోతే తిరిగి బడికి పోయి ఇక జన్మలో కలం పట్టనని ఇంట్లో అందరి ముందూ ఒట్టేసింది. ఒట్టెందుకని వాళ్ళాయన అడిగాడు. లేకపోతే నేను ఆపలేనండీ అంది.

కథ నకలొకటి సంస్థ గేటు దగ్గర ఇచ్చిన కొన్నాళ్ళకు ఆమెకు పిలుపొచ్చింది. మొదటిసారి మాస్టారిని ఆమె చూసింది లిఫ్టులో. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య అది టక్కున ఆగిపోయింది. రెండువందల పన్నెండు పేజీల సంచి గుండెలకు హత్తుకుని ఆమె బిక్కచచ్చిపోయింది. పక్కనున్న సన్నపాటి మనిషి మాత్రం గడియారం చూసుకుని, ముఖం వికసించగా, పైకి వెళ్ళాలన్నది మన కోరిక, లిఫ్టు అడ్డం, కథ మొదలైందమ్మా అన్నాడు. బయటపడేదాకా ఆమె చేత కండక్టరమ్మ కథ చెప్పించుకున్నాడు. తలుపులు తెరుచుకునేసరికి ఆమె భయం సంగతే మరిచిపోయింది. ఎవరో పిచ్చివాడు, పాపం, మంచివాడులా ఉన్నాడు అనుకుంది. పది నిమిషాల తర్వాత ఆ పిచ్చివాడే పటం కింద కుర్చీలో కూర్చుని ఆమె స్క్రిప్టులో ఇరవై ఏడో పేజీ తెరిచాడు.

ఆ పేజీలో కండక్టరమ్మ ఒక ముసలాయనకు సీటిప్పిస్తోంది. రూటు రద్దు కబురు వచ్చేది యాభై ఎనిమిదో పేజీలో. దాన్ని ఇరవై ఏడుకు లాక్కురమ్మన్నాడు మాస్టారు. ఇంకేమైనా చెప్పండని ఆమె బతిమాలింది. ఇంకేమీ లేదు, అంతా బంగారంలా ఉంది, లోపం పేజీలదే తప్ప మీది కాదు అన్నాడు. ఆమె ఇంటికెళ్ళి నెలన్నర కూర్చుని ముప్పై ఒక్క పేజీలు కోసింది. మొదట వర్ణనలు పోయాయి. తర్వాత కండక్టరమ్మ దానధర్మాలు పోయాయి. గత్యంతరం లేక చివర్లో ఆమెకు కాస్త కోపం కూడా తెప్పించాల్సి వచ్చింది, దానికి ఏడు పేజీలు కొత్తగా చేరాయి.

రెండోసారి తీసుకెళితే మాస్టారు ఇరవై నాలుగు అన్నాడు. అదేంటి, ఇరవై ఏడు కదా అంటే, పుస్తకం చిక్కింది కదమ్మా, దాంతోపాటే మలుపూ ముందుకు జరగాలన్నాడు. ఆమె ఇంటికొచ్చి నిష్పత్తి వేసి చూసుకుంది. పుస్తకం నూట ఎనభై ఎనిమిది పేజీలకు దిగింది, సరిగ్గా ఇరవై నాలుగే వచ్చింది. మనిషి మామూలువాడు కాదనుకుని భక్తిగా మళ్ళీ కోసింది. ఈసారి కోతకు కండక్టరమ్మ అక్కగారు మొత్తంగా బలైంది. మూడోసారి పుస్తకం నూట అరవై పేజీలు. నిష్పత్తి ప్రకారం మలుపు ఇరవయ్యో పేజీలో రావాలి. మాస్టారు చెక్కుచెదరకుండా ముప్పై ఒకటి అన్నాడు. ఆడవాళ్ళు నడిపే కథల్లో ఉలికిపాటు కాస్త ఆలస్యంగా వస్తుందట, శిబిరంలో చెప్పారట. ఇంటికి పోతూ ఆమె ఒక గ్రాఫు పుస్తకం కొంది.

కథా విభాగం బయట వరండాలో ఒక పొడుగాటి బెంచీ ఉంటుంది. రచయితలు తమ వంతు కోసం దాని మీద కూర్చునీ కూర్చునీ అది నున్నబడిపోయింది. దెయ్యాల కథలు రాసే ఆయన ఒక చివర, కన్నీళ్ళ కథలు రాసే ఆయన ఇంకో చివర, మధ్యలో మిగతా జనాభా. టీచరు ఒక్కొక్కరి దగ్గరకూ పోయి వాళ్ళకు చెప్పిన అంకెలు అడిగి రాసుకుంది. దెయ్యాలాయనకు నలభై అన్నాడు, దెయ్యానికి గడియారం తెలియదు కాబట్టి. కన్నీళ్ళాయనకు పంతొమ్మిది, ఏడుపు పెందరాళే మొదలుకావాలి కాబట్టి. పదకొండు మంది రచయితలు, ముప్పై నాలుగు ప్రతులు. ఇరవై ఏడు అన్న అంకె ప్రతి మనిషికీ మొదటి రోజున ఒక్కసారే తగిలింది. ఆ తర్వాతి అంకెలకు ఒకదానితో ఒకటికి చుట్టరికమే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనేవాణ్ణి ఆమె చూసింది కాని, మనిషికొక లెక్కన కాళ్ళు చెప్పేవాణ్ణి చూడడం అదే మొదటిసారి.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. సెలవులో పదకొండు నెలలు లేని శాస్త్రం పాలయ్యాయి. అప్పటికి ఆరో ప్రతి ఇచ్చి ఉంది. శుక్రవారం రమ్మన్నారు. సోమవారం బడి తెరుస్తారు. ఈ మనిషి అబద్ధపు లెక్క చెప్పి తన కథను పైకి పోనివ్వలేదని అందరి ముందూ నిలదీసి, ఆ కాగితాల కట్ట తీసుకుని పోదామని నిశ్చయించుకుంది. ఓడిపోయినందుకు లేని బాధ, తప్పు లెక్క చేతిలో ఓడిపోయినందుకు ఆమెకు నిలువెల్లా ఉంది.

శుక్రవారం పదిన్నరకు ఆమె వెళ్ళేసరికి మాస్టారు సీట్లో లేడు. ఎందుకు లేడో ఎవరూ అడగలేదు, లిఫ్టు తలుపు మీద లోపలి నుంచి స్కేలుతో కొడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. మెకానిక్ వస్తున్నాడని చెప్పి అటెండరమ్మ ఆమెను లోపల కూర్చోబెట్టింది. మీ కథ కట్ట ఇవ్వమన్నారు మేడమ్ అంటూ బీరువాలోంచి ఒక దస్త్రం తీసి ఇచ్చింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. కథా విభాగంలో ప్రతి స్క్రిప్టుకూ రెండు దస్త్రాలుంటాయి. ఒకటి రచయితది, నీలం అట్ట, అందులో పెన్సిలుతో ఒక అంకె తప్ప ఏమీ ఉండదు. రెండోది ఆఫీసుది, గోధుమరంగు అట్ట, అది బీరువా దాటి బయటికి రాదు. అటెండరమ్మకు ఆ ఉదయం కళ్ళజోడు దొరకలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి గోధుమరంగు అట్ట ఒక రచయిత ఒళ్ళోకి వచ్చి పడింది.

టీచరు దాన్ని తెరిచింది. మొదటి ప్రతి పైన గుండుసూదితో గుచ్చిన చీటీ ఉంది. కింద పెద్దాయన సంతకం. ఇది రాసినావిడను ఇంకెప్పుడూ కలం ముట్టుకోవద్దని చెప్పండి అని ఉంది. ఆమెకు చెవులు వేడెక్కాయి. తేదీ చూసింది. మాస్టారు ఆమెకు అంతా బంగారంలా ఉంది అని చెప్పడానికి ముందు రోజు. చీటీ కింద పెన్సిలుతో, మాస్టారి కోడికాళ్ళ రాతలో నాలుగు ముక్కలున్నాయి. ‘27 అని చెప్పాలి. అసలు లోపం, కండక్టరమ్మ మరీ మంచిది. ఒక్కరితోనూ పోట్లాడదు. పేజీలు కొయ్యమంటే మంచితనం కూడా కోస్తుంది.’

లిఫ్టులో కలవడానికి ముందే ఆయన తన కథ చదివాడన్నమాట. గేటు దగ్గర ముందుగా ఇచ్చిన నకలు పైకి పోయి, తిట్లు తిని, తిరిగొచ్చాకే ఆమె ఆ లిఫ్టెక్కింది. ఆమె గబగబా పేజీలు తిప్పింది. రెండో ప్రతి మీద, టికెట్లు కొట్టే ఆడమనిషి కథ ఎవరు చూస్తారు, చెత్తబుట్ట అని ఉంది. కింద పెన్సిలు, ‘24. అక్క పాత్ర దండగ. చెబితే నొచ్చుకుంటుంది. చోటు చాలకపోతే తనే తీసేస్తుంది.’ మూడో చీటీలో, మళ్ళీ ఆవిడేనా అని మాత్రం ఉంది. ‘31. డిపో మేనేజరుతో తగువు బ్రహ్మాండం. పెరగడానికి చోటివ్వాలి.’ నాలుగో చీటీ ఆమె చదవలేకపోయింది, అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. ఐదో దానిలో పెద్దాయన, ఈవిడకు బడి లేదా అని అడిగాడు. దాని కింద పెన్సిలు రాత కాస్త చిన్నగా ఉంది. ‘36 అందాం. మనిషి అలిసిపోయింది. పెద్ద అంకె చెబితే పని తక్కువనిపిస్తుంది.’

నిలదీయడానికి తెచ్చిన గ్రాఫు పుస్తకం ఆమె చేతి సంచిలోనే ఉండిపోయింది. ఆమెకు సిగ్గేసింది. పదకొండు నెలలుగా తన కథకు వచ్చిన రాళ్ళన్నీ ఎవరికి తగిలాయో ఇప్పుడు తెలిసింది. పదకొండు మంది రచయితలు, ముప్పై నాలుగు ప్రతులు. అన్ని చీటీలూ ఈ గదిలోనే ఆగిపోయాయి, బయట బెంచీ మీదకు ఒక్కటి కూడా రాలేదు. వాళ్ళంతా అక్కడ కూర్చుని ఈయన్నే తిట్టుకున్నారు, తనతో సహా.

అంతలో మాస్టారు వచ్చాడు. జుట్టంతా రేగిపోయి, ముఖం మాత్రం వెలిగిపోతూ. ఇరవై రెండు నిమిషాలే ఇరుక్కున్నానని, మెకానిక్ ఐదు నిమిషాలు తొందరపడి అంతా పాడుచేశాడని చెబుతూనే ఆమె ఒళ్ళోని గోధుమరంగు అట్ట చూశాడు. నోరు మూతపడింది. దొంగతనం బయటపడ్డ మనిషిలా మెల్లగా కుర్చీలో కూర్చుని స్కేలుతో వీపు గోక్కున్నాడు.

“ఇరవై ఏడు అబద్ధమా మాస్టారూ?” అంది ఆమె.

“అబద్ధం ఎందుకవుతుందమ్మా. శిబిరంలో చెప్పారు. మొదటి ఏడాదంతా నేనూ నమ్మాను.”

“తర్వాత?”

“తర్వాత ఒకతను వచ్చాడు. బాగా రాసేవాడు. పెద్దాయన ఇచ్చిన చీటీ ఉన్నదున్నట్టు అతని చేతిలో పెట్టాను. నిజం చెప్పడం నా ధర్మం అనుకున్నాను. అతను చదువుకుని, నమస్కారం పెట్టి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. హాయిగా ఉన్నాడు. నేనే హాయిగా లేను.”

మాస్టారు పటం వైపు చూస్తూ, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. “నువ్వు పనికిరావు అంటే మనిషి ఇంటికెళ్ళి ముసుగుతన్ని పడుకుంటాడమ్మా. నాలుగు పేజీలు ఎక్కువైనై అంటే ఇంటికెళ్ళి పని చేస్తాడు. ఏ నాలుగు తీయాలో వెతుక్కుంటూ పుస్తకమంతా మళ్ళీ చదువుతాడు. చదివితే ఎక్కడ పుచ్చిందో వాడికే తెలుస్తుంది. నేను చెప్పక్కర్లేదు. ఈ గీత ఉంది చూశావూ, అది గోడ కాదు, ఎక్కడానికి వేసిన నిచ్చెన. ఎక్కాక ఎవరూ నిచ్చెనను సినిమాగా తీయరు.”

“మరి ఇంట్లో? మంగలి దగ్గర? మీ ఆవిడగారితో కూడానా?” అని అడిగింది ఆమె.

మాస్టారు ఇబ్బందిగా కదిలాడు. “అది కాస్త అలవాటైపోయింది” అని ఒప్పుకున్నాడు.

టీచరుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తిగా రాకముందే అటెండరమ్మ వచ్చింది. నీలం అట్టా గోధుమరంగు అట్టా ఎక్కడెక్కడున్నాయో చూసుకుని ముక్కున వేలేసుకుంది. ఆ వేలు తీసి, పైనుంచి వచ్చిన చీటీ ఒకటి మాస్టారి ముందు పెట్టింది. ఆరో ప్రతి మీద పెద్దాయన మాట.

టీచరు కుర్చీ అంచుకు జరిగింది. సోమవారం బడి. ఇంట్లో వేసిన ఒట్టు. ఈ చీటీ కాదంటే ఇక లేదు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివాడు. ఒకసారి చదివాడు. రెండోసారి చదివాడు. ఆయన ముఖంలో ఏమీ తెలియలేదు. తల ఎత్తి, అలవాటు కొద్దీ, “పేజీ...” అన్నాడు. ఆగాడు. మళ్ళీ “పేజీ...” అన్నాడు. ఏ అంకే రాలేదు.

“చీటీ ఇటివ్వండి. ఏముందో నేనే చదువుకుంటా. నాకేం కాదు” అంది ఆమె, చేయి చాపి.

మాస్టారు ఇచ్చాడు. పెద్దాయన ఈసారి చాలా రాశాడు. మా డ్రైవరు దీన్ని చదువుతూ పచ్చలైటు పడినా బండి కదపలేదు. వెనకవాళ్ళు హారన్లు కొడుతుంటే ఒక్క పేజీ అండి అన్నాడు. ఏముందోనని నేనూ తీసుకుని చదివాను. తీద్దాం. అంతే ఉంది. ఆమె తలెత్తి చూసేసరికి మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఇన్నేళ్ళుగా కాదన్న మాటలన్నిటికీ ఆయన దగ్గర అంకెలున్నాయి కాని, అవునన్న మాటకు ఒక్కటీ లేదు.

ఆ సంతోషంలో చీటీ వెనక్కి తిప్పితే ఇంకో వాక్యం ఉంది. ఆఖర్లో కండక్టరమ్మకూ డిపో మేనేజరుకూ వానలో ఫైటు పెట్టించండి.

ఆమె ముఖం పాలిపోయింది. కండక్టరమ్మకు యాభై ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి. డిపో మేనేజరు రిటైరవ్వడానికి ఆర్నెల్లే ఉంది. వాళ్ళిద్దరూ బురదలో దొర్లాలట. పదకొండు నెలలు కోసీ కోసీ నిలబెట్టుకున్న మనిషిని ఇప్పుడు వానపాలు చేయమంటున్నారు. మాస్టారు చీటీ తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని చదివి, హుందాగా ఫోను అందుకున్నాడు. నువ్వు కూర్చోమ్మా, ఇది నా ఇలాకా అన్నాడు.

పెద్దాయనతో మాస్టారు మాట్లాడిన తీరు వినాల్సిందే. కథ రాసిన లెక్కల టీచరుగారు పక్కనే ఉన్నారనీ, వాన చాలా మంచి ఆలోచననీ అన్నాడు. తను కూడా దాని గురించే రాత్రీ పగలూ తలపోస్తున్నానన్నాడు. కాని ఏం చేస్తాం, శాస్త్రం ఒప్పుకోవడం లేదన్నాడు. కథ మొదటి భాగం ముప్పై ఆరు పేజీలు. నడుమ భాగం యాభై ఎనిమిది. చివరి భాగం నలభై ఒకటి. మూడూ కలిపితే నూట యాభై. పుస్తకం నూట యాభై పేజీలే. ఒక్క పేజీ కూడా ఖాళీ లేదు, ఇక వాన ఎక్కడ కురవాలండీ అని దీనంగా అడిగాడు.

టీచరు కుర్చీలో ఉలిక్కిపడింది. ముప్పై ఆరూ యాభై ఎనిమిదీ నలభై ఒకటీ కలిపితే నూట ముప్పై ఐదు. పదిహేను పేజీలు మిగులుతాయి. అంటే ఒక వాన కురిసి, ఫైటు జరిగి, వాన వెలిసేంత చోటు.

అవతల పెద్దాయనకు కూడా ఎక్కడో అనుమానం తగిలినట్టుంది. పక్కన లెక్కల టీచరుగారు ఉన్నారుగా, ఫోను ఆవిడకివ్వండి అన్నాడు. మాస్టారు ఫోను ఆమెకిచ్చి కిటికీలోంచి బయటికి చూశాడు. లెక్క సరిగ్గా ఉందాండీ అని అడిగాడు పెద్దాయన. పద్దెనిమిదేళ్ళలో ఆమె ఒక్క తప్పు లెక్కకు కూడా రైటు పెట్టలేదు. హెడ్‌మిస్ట్రెస్ కొడుకు పరీక్ష పేపరుకే పెట్టలేదు.

“సరిగ్గా నూట యాభై అండి” అంది ఆమె, స్పష్టంగా.

టీచరే చెప్పాక ఇంకేముంది, వాన వచ్చే సినిమాలో చూసుకుందాం అని పెద్దాయన ఫోను పెట్టేశాడు. ఆ తర్వాత మాస్టారు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, “నిజానికి ఎంతమ్మా?” అన్నాడు.

“నూట ముప్పై ఐదు.”

“అలాగా” అన్నాడు మాస్టారు. ఆయన ముఖంలో ఆశ్చర్యం నిజమైనదే. ఇరవై ఏళ్ళుగా అంకెలతోనే సంసారం చేస్తున్న ఆ మనిషికి కూడిక రాదని టీచరుకు అప్పుడు అర్థమైంది. ఆమె పగలబడి నవ్వింది. అటెండరమ్మ నవ్వింది. ఎందుకో తెలియక మాస్టారూ నవ్వాడు. నవ్వు ఆగాక టీచరు ఆయన బల్ల మీదనే ఒక తెల్లకాగితం తీసుకుని, సోమవారం నుంచి బడికి రాలేనని హెడ్‌మిస్ట్రెస్‌కు ఉత్తరం రాసి సంతకం పెట్టింది.